గ్రాఫ్ కాగితం మీద అప్పలమ్మ

దసరా అయ్యాక విజయనగరం వెళ్లాను. అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చేయాలని ఇంట్లో అందరం అనుకున్నాం. దాసన్నపేటలో ఇల్లు ఖాళీ చేయాలి. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూడకుండా గడప దాటనని అమ్మ పట్టు పట్టింది. అందుకే దాని ముందురోజు, తొలేళ్ల నాటికే చేరాను.

బీరువా, ఇత్తడి గుండిగలు, కుట్టు మిషను లారీలో వేయించాలి కదా. పార్సిల్ ఆఫీసుకు వెళ్లాను. బల్ల వెనకాల కుర్రాడు నా పేరు, సామాన్ల వివరం కొట్టుకుని మీట నొక్కాడు. జర్ర్... టక్. జర్ర్... టక్. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్! కాగితం అంచున చిల్లుల పట్టీ ఒక్కో పన్ను దాటుకుంటూ పైకి లేస్తోంది. దాని వెనకే రిబ్బన్ వాసన. కొంచెం కిరసనాయిలు, కొంచెం కాలిన దుమ్ము కలిసినట్టుండే ఆ సిరా వాసన ముక్కుకు తగలగానే కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాను.

"ఏటి సార్, నీళ్లు కావాలా?" అన్నాడు ఆ అబ్బాయి.

"వద్దు బాబూ, ఇంకో రసీదు ఏదైనా ఉంటే కొట్టు, వింటాను" అన్నాను. విచిత్రంగా చూశాడు గానీ కొట్టాడు.

లారీ ఆఫీసుల్లో ఆ ప్రింటర్ ఇంకా ఎందుకు బతికుందో నాకు తెలుసు. రసీదు మూడు నాలుగు కాపీలు ఒక్క దెబ్బకు రావాలి. సూది వెళ్లి రిబ్బన్ని గుద్దితేనే కింద కార్బన్ దాకా అచ్చు దిగుతుంది. లేజర్ ప్రింటర్ ఎంత ఖరీదైనదైనా కాగితాన్ని గుద్దలేదు.

నాకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. మిల్లులకూ ఫ్యాక్టరీలకూ జీతాల లెక్కలు, సరుకు లెక్కలు చూసే ప్రోగ్రాములు చేస్తాం. ఎలా మొదలుపెట్టారని ఎవరడిగినా అమీర్‌పేటలో అద్దెకు తీసుకున్న రెండు గదుల నుంచి చెప్పడం అలవాటైపోయింది. ఆ రోజు పార్సిల్ ఆఫీసులో కూర్చున్నప్పుడు అది నిజం కాదనిపించింది. మొదలు ఈ చప్పుడు.

* * *

నాన్న గంటస్తంభం దగ్గర ఒక టోకు బట్టల కొట్టులో గుమాస్తా. తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని, ముందు చిన్న ఏటవాలు బల్ల పెట్టుకుని రోజంతా చిట్టా రాసేవారు. రాత్రి ఇంటికి రాబోయే ముందు చిట్టాలోని పద్దులన్నీ ఆవర్జాలోకి, అంటే ఖాతాల పుస్తకంలోకి ఎక్కించేవారు. బడి వదిలాక నేను ఆ కొట్టుకే వెళ్లేవాణ్ణి. కోరా గుడ్డ గంజి వాసన, పక్క వీధిలోంచి వచ్చే జంతికల నూనె వాసన, వాటి మధ్య నాన్న. నాలుగంకెల వరసలు పేజీ నిండా ఉంటే వేలు పైనుంచి కిందికి ఒక్కసారి జార్చి అడుగున మొత్తం వేసేసేవారు. పెన్సిల్ పెట్టి నేను కూడితే అదే వచ్చేది.

ఒకసారి ఆయన లేనప్పుడు ఒక అంకె తప్పు రాసి, బ్లేడుతో గీకి, దాని మీద సరైన అంకె వేశాను. శుభ్రంగా ఉందనుకున్నాను. ఆయన పేజీని దీపానికి ఎదురుగా పట్టుకుని చూసి నన్ను పిలిచారు. కేకలేమీ లేవు.

"తప్పు రాస్తే అడ్డంగా గీత కొట్టు. కింద అంకె కనబడాలి. పక్కన సరైంది రాయి. గీకేసిన అంకె దొంగ అంకె రా" అన్నారు.

మా ప్రోగ్రాముల్లో ఈ రోజుకీ పద్దు చెరిపేసే మీట లేదు. కొత్తగా చేరిన పిల్లలు ఎందుకని అడుగుతారు. కంప్యూటర్ భాషలో దానికి ఏవో పేర్లు ఉన్నాయి గానీ నేను మాత్రం దీపం ముందు పట్టుకున్న ఆ పేజీ గురించే చెబుతాను.

పదో తరగతి అయ్యాక టైపు. అప్పట్లో మా ఊళ్లో పిల్లాడు ఖాళీగా కనిపిస్తే టైపుకు పంపేవారు. పొడవాటి హాలు, ఇరవై మిషన్లు, ఒకేసారి ఇరవై మంది ఏ ఎస్ డి ఎఫ్ కొడుతుంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టుండేది. మాస్టారు చెక్క స్కేలుతో బల్ల మీద తాళం వేసేవారు. సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, టైపు కూడా తాళం తప్పకూడదు! లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను.

* * *

కంప్యూటర్ నేర్చుకున్న గది గుర్తొస్తే ముందు గుమ్మం బయట చెప్పుల గుట్ట గుర్తొస్తుంది. చెప్పులు విప్పి, కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాలి. ఊళ్లో ఏసీ ఉన్న గదులు వేళ్ల మీద లెక్కపెట్టే రోజులు. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఒక్కో మిషను ముందు ముగ్గురం. ఒకడు కొడితే ఇద్దరు చూడాలి. టైపు వచ్చినవాణ్ణి కాబట్టి నా బ్యాచ్‌లో కీబోర్డు నాకే వదిలేసేవారు. మొదట డీబేస్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో, రెండూ లెక్కల పట్టికలు దాచే సాఫ్ట్‌వేర్లు. తెర మీద గళ్లు గీసి పేర్లు, మొత్తాలు నింపుతుంటే ఇది నాన్న ఆవర్జాయే కదా అని ఒళ్లు పులకరించింది.

ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన అని 1993లో వచ్చింది. చదువుకున్న నిరుద్యోగులకు లక్ష రూపాయల దాకా బ్యాంకు అప్పు. దాని కోసం ఎన్నిసార్లు తిరిగానో! కిరాణా కొట్టు పెట్టు, ఇప్పుడే ఇస్తాను, ఈ కంప్యూటర్‌కు ఊళ్లో ఎవడొస్తాడయ్యా అని ఒక మేనేజరు ఫైలు తిప్పి పంపాడు. ఆయన బదిలీ అయ్యాక వచ్చినాయన సంతకం పెట్టాడు. ఆ డబ్బుతో ఒక అసెంబుల్డ్ కంప్యూటర్, ఒక తొమ్మిది సూదుల ప్రింటర్, ఒక యూపీఎస్. గంటస్తంభానికి నాలుగడుగుల దూరంలో మేడ మీద గది. పెళ్లి కార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు, బయోడేటాలు. కరెంటు పోతే యూపీఎస్ కుయ్యిమని అరిచేది, నా గుండె కూడా దానితోనే. నెల నెలా వాయిదా టెన్షన్ ఎలాంటిదో ఆ రెండేళ్లలో తెలిసింది.

* * *

పలాసలో మా చిన్నాన్న ఒక జీడి ఫ్యాక్టరీలో గుమాస్తా. నాన్నకు పినతండ్రి కొడుకు. ఒక పెళ్లిలో కలిసి, "ఒరే, శనివారం కూలి లెక్కలు కట్టలేక చస్తన్నాను, నీ పెట్టి ఏటైనా సెయ్యగలదేటి?" అన్నాడు.

తెల్లవారుజామున పాసింజరు ఎక్కాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, దూసి... నాగావళి దాటాలి, వంశధార దాటాలి. తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి. ఆ తర్వాత చాలా నెలలు ఆ స్టేషన్లే నా లోకం. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా, అందులో ఇడ్లీ బదులు ఫ్లాపీలు, చుట్టూ తుండుగుడ్డ. తడి తగలకూడదు, దుమ్ము తగలకూడదు, ఎవరి రేడియో పక్కనా పెట్టకూడదు. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. అందులోనే నా ప్రోగ్రాం, ఆ వారం లెక్కలు.

పలాస స్టేషన్లో దిగితే ముందు వాసనే పలకరించేది. జీడిపిక్కలు కాలుతున్న పొగ. కమ్మగా మొదలై గొంతులో ఘాటుగా ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో ఒకవైపు పిక్క కొట్టేవాళ్లు. పెంకులోని జీడి నూనె తగిలి వాళ్ల వేళ్ల చివర్లు నల్లగా కాలిపోయి ఉండేవి. వేళ్లకు బూడిద రాసుకుని కొట్టేవారు. ఇంకోవైపు పప్పు మీద ఎర్ర తొక్క తీసేవాళ్లు, అరవై మంది ఆడవాళ్లు, చిన్న చాకులతో. గుండు విరగకుండా తొక్క రావాలి. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క. దేని రేటు దానిదే. గుండులో మళ్లీ సైజులు: పౌనుకు 240 లోపు గుండ్లు తూగితే ఒక రకం, 320 లోపు తూగితే ఇంకో రకం. సాయంత్రం ఎవరి పప్పు వాళ్లు కాటా దగ్గరికి తెస్తే చిన్నాన్న తూచి రాసుకునేవాడు. శనివారం ఆరు రోజుల లెక్క, రెండు మూడు రేట్లు, తీసుకున్న అడ్వాన్సులు, అరవై మందికీ కట్టి డబ్బు చేతికిచ్చేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. పిల్లలు తల్లుల కోసం గేటు దగ్గర పడుకుండిపోయేవారు.

ప్రోగ్రాం రెండు నెలల్లో అయ్యింది. షావుకారు గారు ఆఫీసు గదిలో కంప్యూటర్ పెట్టించారు. మొదటి శనివారం ఆరున్నరకల్లా అరవై చీటీలు వచ్చేశాయి. నేను గాల్లో తేలుతున్నాను. వాళ్లు చీటీలు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ కదల్లేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కాస్త ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. ఒక్కొక్కళ్లూ ఆయన దగ్గరికెళ్లి "ఇది నాదేనా?" అని అడగడం మొదలుపెట్టారు. పిల్లలు ఆ రాత్రి కూడా గేటు దగ్గరే పడుకున్నారు.

వాళ్లలో చాలామంది అంతకు రెండు మూడేళ్ల కిందటే రాత్రి బడిలో సంతకం నేర్చుకున్నారు. తెలుగులో తమ పేరు చూస్తే గుర్తుపడతారు. నేను ఇచ్చింది ఇంగ్లీషు.

* * *

ఆ రోజుల్లో కంప్యూటర్లను నడిపిన డాస్‌లో తెలుగు కావాలంటే సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ చేసిన జిస్ట్ కార్డు ఉండేది. కంప్యూటర్ లోపల బిగిస్తే భారతీయ భాషలు తెర మీదికొచ్చేవి. గొప్ప పని అది. కానీ నా స్థోమత దాటిన ఖరీదు, షావుకారు గారిని అడిగే ధైర్యం లేదు.

ప్రింటర్‌తో వచ్చిన పుస్తకం చదివాను. అందులో ఒక పేజీ నా బతుకు మార్చింది. కంప్యూటర్ నుంచి 27, 75, ఆ వెనకే ఎన్ని నిలువు వరసలో చెప్పే అంకెలు పంపితే ప్రింటర్ అక్షరాలు వదిలేసి చుక్కలు కొట్టడం మొదలుపెడుతుంది. నిలువునా ఎనిమిది చుక్కలు ఒక వరస. పైనుంచి కిందికి వాటి విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. పై చుక్క, అడుగు చుక్క మాత్రమే కావాలంటే 129 పంపాలి. ఇలా వరస పక్కన వరస. అంటే గళ్ల కాగితం మీద గీసిందేదైనా అచ్చు వేయొచ్చు!

ఎం.ఆర్. కాలేజీ దగ్గర గ్రాఫ్ పుస్తకాలు కొన్నాను. తెలుగు లిపి అంతా గీస్తే ఏడాది పడుతుంది. అరవై మంది పేర్లకు కావాల్సిన అక్షరాలు మాత్రమే గీద్దామనుకున్నాను. మొదట అప్పలమ్మ. మా వైపు ఆ పేరు వీధికి ఇద్దరికుంటుంది. అ, ప్ప, ల, మ్మ. నాలుగక్షరాల్లో రెండు ఒత్తులు. ఎనిమిది చుక్కల్లో ఒత్తు ఎక్కడ పెట్టను? అందుకే ఒక్కో పేరును రెండు అడ్డ వరసల్లో కొట్టించాను. మొదటిసారి అక్షరం, కాగితం సరిగ్గా ఎనిమిది చుక్కల మేర జరిగాక కింద ఒత్తు. అర గీత అటూ ఇటూ అయితే ఒత్తు విడిపోయి కింద పేరు మీద పడేది. ల మెలిక కుదరడానికి ఏడు కాగితాలు చింపాను. నాన్న రాత్రి లేచి మంచినీళ్లు తాగుతూ చూసి, కళ్లజోడు పెట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు. నేను గళ్లు నింపేవాణ్ణి, ఆయన నిలువు వరసలు కూడి అడుగున అంకె వేసేవారు. 126, 129, 129, 66. పెన్సిల్ అక్కర్లేదు ఆయనకు.

లక్ష్మి మాత్రం ఏడిపించింది. క్ష్మ రెండు వరసల్లో ఇమడలేదు. మూడో వరస పెట్టాల్సొచ్చింది. ఆ పేరున్నవాళ్లు ముగ్గురు. వాళ్ల చీటీ వచ్చినప్పుడు ప్రింటర్ అందరికీ రెండుసార్లు తిరిగే చోట మూడుసార్లు తిరిగేది. నాలుగు వారాలు గడిచేసరికి బయట కూర్చున్న ఆడవాళ్లు చప్పుడు విని, "లచ్చిమీ, నీదే వస్తంది, లెగు" అనేవారు.

తెలుగు చీటీలు ఇచ్చిన మొదటి శనివారం అప్పలమ్మప్ప (మా వైపు అక్కను అప్ప అంటాం) తన చీటీ పట్టుకుని పేరు మీద వేలితో రాసింది. ఇంకా తడి ఆరని సిరా వేలికంటుకుంది. తుడుచుకోలేదు.

* * *

ఇక తప్పు గురించి రాయాలి. రాయకపోతే గీకేసిన అంకె అవుతుంది.

చీటీ వెడల్పు సరిపోక నేను తూకంలో చుక్క తర్వాత ఒక్క అంకే ఉంచాను. నాలుగు కేజీల 150 గ్రాములైతే 4.1 అని పడేది. మిగిలిన యాభై గ్రాములు పోయేవి. చిన్నదే కదా అనుకున్నాను. కూలి కూడా ఆ 4.1 మీదే కట్టించాను. ఎవరినీ అడగలేదు, చిన్నాన్నకు చెప్పనూ లేదు.

మూడో వారం చీటీలు ఇచ్చాక అప్పలమ్మప్ప ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడింది. కొంగు ముడి విప్పి బల్ల మీద పోసింది. చింతపిక్కలు, గురివింద గింజలు.

"బావూ, కేజీకి పిక్క, యాబై గ్రాములకి గింజ. ఇరవై గింజలైతే తీసీసి పిక్క ఏత్తాను. కాటా దగ్గర రోజూ ఏసుకుంటాను. నీ సీటీలో నాలుగు గింజలు నేవు."

చిన్నాన్న తన పుస్తకం తీశాడు. పిక్కలు లెక్కపెట్టాడు. నాలుగు గింజలు. రెండొందల గ్రాములు. ఆ వారం నాలుగు రోజులు ఆమె తూకం చివర యాభై వచ్చింది.

ఆమె గొంతులో కోపం లేదు. నా పెట్టి కంటే తన కొంగు మీద నమ్మకం ఉంది, అంతే. నా చెవులు వేడెక్కిపోయాయి. షావుకారు గారి దగ్గరికెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎంతమందికి ఎంత పోయిందో రాత్రికి తీసిపెట్టు" అన్నారు. ఆ రాత్రి పాసింజరు వదిలేసి మూడు వారాల లెక్క మళ్లీ కట్టాను. సోమవారం పొద్దున్నే అరవై మందికీ బాకీ ముట్టింది. నా బిల్లులోంచి ఆ మొత్తం తీసుకోమన్నాను, షావుకారు గారు తీసుకోలేదు. పాత చీటీలు వెనక్కి అడగలేదు. కొత్త చీటీలో పాత అంకె, పక్కన సరైన అంకె రెండూ వేశాను, నాన్న చెప్పినట్టే.

ఇరవై గింజలకు ఒక పిక్క. కూడికలో చేతి అంకె వేయడమంటే ఇదే. కంప్యూటర్ లోపల జరిగేది కూడా ఇదే, కాకపోతే ఇరవై బదులు రెండుకే చేతి అంకె వస్తుంది. ఆమె ఒక్క రోజు కూడా బడి పగటిపూట చూడలేదు.

* * *

ఆ తర్వాత కథ అందరిదీ ఒకటే. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తేదీలు తప్పుతాయని ఊరూరా కంగారు. ఆ కంగారే వేలమందికి అన్నం పెట్టింది, నాకూ పెట్టింది. హైదరాబాద్ వచ్చాను. సైబర్ టవర్స్ కొత్తగా కట్టారు, ఆ గుండ్రటి భవనం ముందు ఫొటో దిగి ఇంటికి పంపాను. కొన్నేళ్లు ఒకరి దగ్గర పనిచేశాను. 2001లో విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో వేరే కార్డేమీ లేకుండానే తెలుగు కనబడింది. ఆఫీసులో అందరూ మామూలుగా ఉన్నారు. నేను మాత్రం ముందుగా అప్పలమ్మ అని కొట్టి, తర్వాత లక్ష్మి అని కొట్టాను. క్ష్మ ఒక్క చుక్క చెదరకుండా నిలబడింది. నాన్నకు ఫోన్ చేసి చెబితే, "అయితే వరసలు కూడక్కర్లేదన్నమాట" అన్నారు. ఆ గొంతులో సంతోషమో బెంగో ఇప్పటికీ తేల్చుకోలేను.

2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చి చాలామంది వ్యాపారులకు కంప్యూటర్ బిల్లు అవసరం పడినప్పుడు సొంతంగా దిగాను. మొదటి కస్టమర్లు రాజాం, బొబ్బిలి, పలాస వాళ్లే. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు జీడి వ్యాపారంలో ఒక మెలిక ఉండేది. రైతు దగ్గర పిక్కలు కొంటే పన్ను కొన్నవాడే కట్టాలి. మా ప్రోగ్రాంలో అది సరిగ్గా కూర్చోవడానికి పలాసలో వారం కూర్చున్నాను. అప్పటికి ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టే మిషన్లు వచ్చేశాయి. నల్లటి వేళ్లు తగ్గాయి. అది మంచిదే.

* * *

తొలేళ్ల సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఇనపపెట్టె సర్దుతోంది. అడుగున నాన్న ధోవతుల కింద గ్రాఫ్ పుస్తకాలు. ఆయన దాచారని నాకు తెలియదు. బయట మూడు లాంతర్ల కూడలి వైపు జనం నడుస్తున్న అలికిడి, డప్పులు. పేజీ తిప్పితే అప్పలమ్మ. పెన్సిల్ గళ్లు నావి, అడుగున నీలం సిరా అంకెలు నాన్నవి. ఒకచోట 126ని అడ్డంగా కొట్టేసి పక్కన 124 వేసి ఉంది.

ఆ అక్షరాలను అచ్చులో ఆఖరిసారి చూసింది తిత్లీ తర్వాత. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస వైపే తీరం దాటింది. కంపెనీ పిల్లలం బియ్యం, టార్పాలిన్లు వేసుకుని వెళ్లాం. ఉద్దానంలో కొబ్బరి చెట్లు తలలు తెగిపడి ఉన్నాయి, జీడి తోటలు వేళ్లతో సహా లేచి పడుకున్నాయి. పచ్చి జీడాకు వాసన, ఎటు చూసినా.

అప్పలమ్మప్ప ఇల్లు వెతుక్కుని వెళ్లాను. రేకులు ఎగిరిపోయాయి. ఆమె బాగా ముసలిదైంది, చూపు తగ్గింది. నా గొంతు విని, "పెట్టి బావు వచ్చినాడు" అని కూతుర్ని కేకేసింది. కూతురు లోపల్నుంచి ఒక ఇనప తీగ తెచ్చింది. కరెంటు బిల్లులు గుచ్చుకునే తీగ. దానికి చీటీలన్నీ ఉన్నాయి, ఏళ్ల తరబడివి. సగం తడిశాయి. సిరా పాలిపోయింది గానీ పేరు తెలుస్తోంది. ఒక చీటీకి గుడ్డపీలికతో చిన్న మూట కట్టి ఉంది. వేలితో నొక్కి చూశాను. లోపల నాలుగు గింజలు.

ఆ చీటీ నాకిమ్మని అడగడానికి నోరు రాలేదు. ఫోన్ తీశాను.

"పేరు కనబడీలాగ తియ్యి బావూ" అంది.